సైన్యాన్ని బయటికి పంపాలంటే పార్లమెంటును అడగాలా?

సందేహం: విశాఖ నేవల్ డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది మల్కాపురం. 1987లో శ్రీలంకకు సైన్యాన్ని పంపేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాల్సిందేనని నేనంటాను, అక్కర్లేదని మా మిత్రుడంటాడు. విదేశాలపై నిఘా పెట్టే మన ‘రా’ సంస్థకు ఏటా ఎంత ఖర్చవుతోందో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద అడిగితే, వాళ్లకు ఆ చట్టం వర్తించదని జవాబు వచ్చింది. హైకోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: హైకోర్టు సంగతి ముందు చెప్తాను, మీకు వకీలు ఫీజైనా మిగులుతుంది. వెళ్లకండి. చట్టంలోని 24వ సెక్షన్, రెండో షెడ్యూలు కలిపి చదివితే రా, దేశం లోపల నిఘా చూసే ఐబీ లాంటి సంస్థలకు మినహాయింపు ఉంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రమే అడగొచ్చు. ఊరికే ఖర్చెంత అన్నది ఆ రెండింటిలోకీ రాదు. ఈ సంస్థలపై పార్లమెంటు పర్యవేక్షణ, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ ఉండాలంటూ వేసిన వ్యాజ్యాన్నే 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ ఫోన్ మీదే నిఘా పెట్టారంటే అది వేరే కేసు. జాతీయ భద్రత అనే మాట అన్నంత మాత్రాన కోర్టు చేతులు ముడుచుకోదని 2021లో పెగాసస్ (ఫోన్లలోకి చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్) కేసులో అదే కోర్టు చెప్పింది.

సైన్యం విషయంలో, చట్టం వరకూ మీ మిత్రుడిదే పైచేయి. రక్షణ దళాల సర్వాధిపత్యం 53వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది, ఆచరణలో కేంద్ర మంత్రివర్గానిది. ముందుగా పార్లమెంటు ఓటు కావాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం ఆధారంగానే శాంతి సేన వెళ్లింది.

ఇలా పార్లమెంటును అడక్కుండా పంపడం అన్నిసార్లూ తప్పని నేననను. 1988 నవంబరులో తిరుగుబాటు ఎదురై మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగిన కొన్ని గంటల్లోనే మన పారాట్రూపర్లు అక్కడ దిగారు. ముందు లోక్‌సభలో చర్చ పెట్టి ఉంటే ఆయన పదవి మిగిలేదా అన్నది అనుమానమే. శ్రీలంక అలా కాదు. అక్కడ సేన 1990 మార్చి దాకా ఉంది, వెయ్యి మందికి పైగా జవాన్లు పోయారు. అన్నాళ్లు నడిచే పనికి మధ్యలోనైనా సభ సమ్మతి ఉండాలి. అమెరికా 1973లో అలాంటి చట్టమే చేసుకుంది: సైన్యాన్ని దించితే అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు (అక్కడి పార్లమెంటుకు) తెలపాలి, ఆమోదం లేకుంటే 60 రోజులకు ఆపాలి. అక్కడి అధ్యక్షులు దాన్ని ఎంతగా పాటించారో మీరూ చూస్తున్నారు, అది వేరే సంగతి. మన రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 15వ అంశం ‘యుద్ధం, శాంతి’. అంటే మన పార్లమెంటుకూ చట్టం చేసే అధికారం ఉంది. చేయలేదు.

చట్టం లేకపోయినా సభ మాటకు బరువుంటుంది. 2003 ఏప్రిల్‌లో ఇరాక్‌పై దాడిని ఖండిస్తూ లోక్‌సభ తీర్మానం చేసింది. అక్కడికి మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగినా, ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపేది లేదని జూలైలో వాజపేయి ప్రభుత్వం తేల్చేసింది. తీర్మానానికి చట్టబలం లేదు, కానీ దాన్ని దాటి వెళ్లడం ఏ ప్రభుత్వానికైనా టెన్షనే.

అన్నీ బయటపెడితే శత్రువుకు భయం పోతుందని కూడా మీ మిత్రుడు అనొచ్చు. నేను ఒప్పుకోను. మన అణు విధానాన్ని 2003 జనవరి 4న ప్రభుత్వమే ప్రకటించింది: ముందుగా ప్రయోగించం, ఎదురుదాడికి అనుమతి ఇచ్చేది ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలి. అవతలివాడికి తెలిస్తేనే కదా భయపడేది! దాచాల్సింది మన విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్ ఏ నీళ్లలో తిరుగుతోందన్నది, ఆదేశం ఎవరిదన్నది కాదు. నిఘా సంస్థలకూ ఇదే వర్తిస్తుంది. రా 1968లో పుట్టింది, దాని అధికారాలేమిటో చెప్పే చట్టం నేటికీ లేదు. బ్రిటన్ 1994లోనే చట్టం చేసి, ఎంపీల కమిటీకి తలుపులు మూసి ప్రశ్నించే వీలిచ్చింది. మన దగ్గర అలాంటి చట్టం కోసం ఎంపీ మనీశ్ తివారీ 2011లో పెట్టిన ప్రైవేటు బిల్లు ముందుకు కదల్లేదు.

వాదన ఎంత వేడెక్కినా డాక్‌యార్డులో మీరు చూసినవి అందులోకి తేకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం, సెక్షన్ 5, రిటైరైన వాళ్లకూ వర్తిస్తుంది.

ఇక దరఖాస్తు మార్చి రాయండి. రా ఊసెత్తకుండా, పది రూపాయల ఫీజుతో లోక్‌సభ సచివాలయం సమాచార అధికారికి పంపండి. శ్రీలంక ఒప్పందంపై 1987 నుంచి 1990 దాకా సభలో జరిగిన ప్రకటనలు, చర్చల తేదీలు, వాటి ప్రతులు అడగండి. అవి రహస్యాలు కావు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.