అమెరికాలో యాక్చువరీ, ఫార్మసిస్టు: ఎవరి జీతం ఎక్కువ, ఎవరికి అవకాశాలు ఎక్కువ?

యాక్చువరీ అంటే బీమా వంటి రంగాల్లో నష్టభయాన్ని గణితంతో అంచనా వేసే నిపుణుడు. కేవలం జీతాన్నే చూస్తే ఫార్మసిస్టుదే పైచేయి. అక్కడి కార్మిక గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2024లో ఫార్మసిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1,37,000 డాలర్లు కాగా, యాక్చువరీలది సుమారు 1,26,000 డాలర్లు. అయితే ఈ తేడాను చూసి నిర్ణయం తీసుకోవడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

ఫార్మసిస్టు కావాలంటే డిగ్రీ స్థాయి చదువు కొంత పూర్తిచేసి, ఆపై సాధారణంగా నాలుగేళ్ల ఫార్మ్.డి. (ఫార్మసీలో డాక్టర్ పట్టా) చదివి, లైసెన్సు పరీక్షలు నెగ్గాలి. ఇందుకు చాలామంది పెద్ద అప్పే చేస్తారు. యాక్చువరీ మాత్రం డిగ్రీతోనే ఉద్యోగంలో చేరి, జీతం తీసుకుంటూ ఒక్కో పరీక్షా రాసుకుంటూ పోవచ్చు. చాలా బీమా కంపెనీలు పరీక్ష ఫీజు కట్టి, చదువుకోవడానికి పనివేళల్లోనే సమయం ఇస్తాయి, ఉత్తీర్ణత సాధించిన కొద్దీ జీతం పెంచుతాయి. అయితే ఆ పరీక్షలు చాలా కఠినమైనవి.

2023–33 మధ్య యాక్చువరీ ఉద్యోగాలు 22 శాతం, ఫార్మసిస్టు ఉద్యోగాలు 5 శాతం పెరుగుతాయని అదే సంస్థ అంచనా వేసింది. కానీ యాక్చువరీల సంఖ్య చాలా తక్కువ కనుక, ఖాళీల లెక్కలో ఫార్మసీదే పెద్ద రంగం.

మన విద్యార్థులు ముందే తెలుసుకోవలసిన విషయం మరొకటి ఉంది: 2003 నుంచి విదేశాల్లో ఫార్మసీ పట్టా పొందినవారు అక్కడి ఫార్మసిస్టు అర్హత పరీక్ష రాయాలంటే వారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి, కాబట్టి మన నాలుగేళ్ల బి.ఫార్మసీ ఒక్కటే సరిపోదు.