తాతగారి పెట్టెలో దొరికింది ఫైలు కాదు, తాళం వేసే లెడ్జర్

మీరు అడిగింది ఇదీ: తాతగారి పాత పెట్టెలో గుడ్డ అతికించిన మందపాటి అట్టల మధ్య రెండు ఇనుప కడ్డీలు, వెన్ను దగ్గర తాళంచెవి పట్టే రంధ్రం, లోపల ఎడమ అంచున చీలికలున్న పొడవాటి కాగితాలు. ఇదేం ఫైలు, ఎప్పటిది, పాత కాగితాలకు అమ్మేయొచ్చా అని. మీ పోస్టు కింద ఒకరు బాక్స్ ఫైలన్నారు, ఇంకొకరు కరణం దస్త్రం అన్నారు. రెండూ కావు. అది లూజ్ లీఫ్ లెడ్జర్ బైండర్, అంటే ఖాతాల లెక్కలు రాసే విడి షీట్లను బిగించి పట్టే అట్ట. 1983 నుంచి పదేళ్లు బ్యాంకులో రోజూ అలాంటిదాన్ని మోశాను కాబట్టి చూడకుండానే చెప్పగలను.

బాక్స్ ఫైలుకు కాగితం అంచున గుండ్రంగా రెండు రంధ్రాలుంటాయి, వాటి మధ్య సరిగ్గా 8 సెంటీమీటర్లు. జర్మనీలోని బాన్ నగరంలో జోనెకెన్ అనే ఆయన 1886లో పంచింగ్ మెషీన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మీటతో తెరిచే ఫైలు ఆ తర్వాత పదేళ్లకు స్టుట్‌గార్ట్‌లో లైట్జ్ తయారుచేశాడు. మనం బాక్స్ ఫైలు అనేది దాన్నే. కాబట్టి స్కేలు పెట్టి కొలవండి, సగం అనుమానం తీరిపోతుంది. ఇక దస్త్రం అంటే గుడ్డలో మూటగట్టిన కాగితాలు. దానికి కడ్డీలూ తాళాలూ ఎక్కడివి? పాతగా కనిపించిన ప్రతిదాన్నీ దస్త్రం అనడం, బ్రిటిష్ కాలం నాటిదని చెప్పి రెండింతల రేటుకు అమ్మడం ఈమధ్య ఎక్కువైంది. చాలా బాధగా ఉంటుంది.

మీ కాగితాలకు రంధ్రాల బదులు అంచుదాకా చీలికలు ఎందుకున్నాయంటే, తాళంచెవి పెట్టి గడియారానికి కీ ఇచ్చినట్టు తిప్పితే అట్టలు వదులవుతాయి. అప్పుడు పైనున్న వాటిని తీయకుండానే మధ్యలో కావలసిన షీటును పక్కకి లాగొచ్చు, కొత్తది దూర్చొచ్చు. బిగించి తాళం వేస్తే ఒక్కటీ కదలదు. మా బ్రాంచిలో ఆ చెవి ఆఫీసరు దగ్గర ఉండేది, రాసేది మేము. రాసేవాడు ఒంటరిగా షీటు తీయకూడదు, అదీ ఆ తాళం ఉద్దేశం. ఖాతా నిండిపోతే కొత్త షీటు కోసం ఆయన ముందు నిలబడి, రిజిస్టరులో సంతకం పెట్టి తెచ్చుకోవాలి.

ఈ బైండర్ అంటే నాకు 1986 డిసెంబరే గుర్తొస్తుంది. ఆ రోజుల్లో బ్యాంకుల లెక్కల సంవత్సరం డిసెంబరు 31తో ముగిసేది. సేవింగ్స్ ఖాతాలకు ఆరునెలల వడ్డీ కట్టాలి. ప్రతి నెలా పదో తారీకు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనీస నిల్వను షీటు మీద రాసుకుని, వాటిని కూడి వడ్డీ వేసేవాళ్లం. ఆపైన ప్రతి లెడ్జర్ మొత్తమూ జనరల్ లెడ్జర్‌తో, అంటే బ్రాంచి మొత్తాలన్నీ ఉండే పుస్తకంతో, సరిపోవాలి. నా ఏడో నంబరు లెడ్జర్ సరిపోలేదు. 1,840 రూపాయలు తక్కువ. మూడు రాత్రులు కూడి చూశాను, తీసివేసి చూశాను, మళ్లీ కూడి చూశాను. తొమ్మిదితో భాగించి చూశాను, అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో తెగుతుంది కదా. తెగలేదు.

సంక్రాంతికి కొన్ని రోజుల ముందు మా వీధిలో పాలు పోసే ఆవిడ డబ్బు తీసుకోవడానికి వచ్చింది. పాస్ పుస్తకంలో నిల్వ 1,840. లెడ్జర్ తిప్పితే ఆవిడ షీటు లేదు. ముందుదీ ఉంది, వెనకదీ ఉంది, ఆవిడదే లేదు. షీటు లేకుండా డబ్బు ఇవ్వలేమని ఆఫీసరు అన్నారు. రూలు ప్రకారం ఆయన తప్పు లేదు. ఆవిడ స్తంభం పక్కన నిలబడి, "కాగితం పోతే నా డబ్బు పోయినట్టేనా బాబూ?" అంది. పోదమ్మా, రేపు రా అన్నాను. మర్నాడూ వచ్చింది. రెండోసారి అదే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం తట్టింది. నవంబరులో ఏడో లెడ్జర్ మరీ లావైతే సగం షీట్లను కొత్త బైండర్‌లోకి మార్చాం. కొత్తదాని కడ్డీల మధ్య దూరం కాస్త ఎక్కువ. స్టేషనరీ సప్లయి చేసినవాళ్లు కొలత చూడలేదు, తీసుకున్నవాళ్లూ చూడలేదు. అందుకని ఎవరో షీట్ల చీలికలను కత్తెరతో వెడల్పు చేశారు. వెడల్పు చేసిన చీలిక కడ్డీని పట్టుకోదు, షీటు జారిపోతుంది. అయితే జారింది ఎక్కడికి? మూసేసిన ఖాతాల షీట్లకు ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, మూలన రంధ్రం చేసి, ట్యాగు కట్టి బీరువా అడుగున పెట్టేవాళ్లం. ఆ కట్టలన్నీ దించి అంచుల మీద బొటనవేలు రాస్తూ పోయాను. నాలుగో కట్టలో ఒకచోట కత్తెర గాటు వేలికి తగిలింది. మూలన ట్యాగు రంధ్రం లేదు, ఎర్ర గీత లేదు. ఆవిడదే. రాత్రి ఎనిమిదిన్నర దాటింది, బ్రాంచిలో నేనూ వాచ్‌మనూ తప్ప ఎవరూ లేరు. గట్టిగా అరిచాను, ఏమైందోనని అతను పరిగెత్తుకొచ్చాడు.

మర్నాడు ఆవిడ ఆ కాగితం చూపించమంది. చదువు రాదు. పాస్ పుస్తకంలో గీతలు, షీటులో గీతలు వేలుపెట్టి లెక్కపెట్టుకుంది. రెండింటిలోనూ పద్నాలుగు. అప్పుడు వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంది. ఆరునెలల వడ్డీ అప్పటికప్పుడు కట్టి షీటు మీదా పాస్ పుస్తకంలోనూ రాసిచ్చాను.

బ్యాంకుల్లో యంత్రాలు, కంప్యూటర్ల వాడకంపై 1984లో రంగరాజన్ కమిటీ ఇచ్చిన నివేదిక తర్వాత, ఖాతాల్లో లెక్కలు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చాయి, వెనకాలే కంప్యూటర్లు. బైండర్లను తూకానికి అమ్మేశారు. మంచి ఉక్కు కడ్డీలు, నలభై ఏళ్లయినా వంగనివి. ఇప్పుడు కొన్న ప్లాస్టిక్ ఫైలు రెండో వేసవికి పెళుసెక్కి విరుగుతోంది. బ్యాంకు మెషీన్ ఇచ్చే రసీదు జేబులోనే తెల్లబడుతోంది. ఆ షీటు మీద నేను రాసిన అంకెలు మాత్రం ఈరోజు తీసినా చదవొచ్చు.

మీది ఎప్పటిదో కాగితమే చెబుతుంది. డబ్బు గడి రూపాయలు, అణాలు, పైలు అని మూడు భాగాలుగా ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయిన ఫారం. నయా పైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ఉత్త పైసలే ఉంటే ఆ తర్వాతది. రబ్బరు స్టాంపు అడ్రసులో పిన్‌కోడ్ కనిపిస్తే ఆ ముద్ర 1972 ఆగస్టు తర్వాత వేసిందే. మా షీట్లకైతే అడుగున చిన్న అక్షరాలతో ఫారం నంబరు, ప్రింటు చేసిన నెల, సంవత్సరం ఉండేవి. మీవాటికీ ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి.

అమ్మడం సంగతి తర్వాత చూద్దాం. ముందు షీట్లను విడదీయకండి. అవి ఉన్న వరుసలోనే ఒక్కోదానికి ఫోటో తీసుకోండి. తాతగారు సహకార సంఘంలోనో మిల్లులోనో లెక్కలు రాసి ఉంటే ఆ ఊరివాళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయి. కడ్డీలకు తుప్పు పట్టి ఉంటే కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు, కాగితానికి తగలనీయకండి. పెట్టె అడుగున, పాత తాళాల గుత్తిలో ఒకసారి వెతకండి. మామూలు తాళంచెవిలా పళ్లు ఉండవు, కొస గొట్టంలా ఉండి లోపల నలుపలకలుగా ఉంటుంది. దొరికితే ఫోటో పెట్టండి, ఎటు తిప్పాలో చెబుతాను.