తాజంగికి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో పిట్టలను చూడటానికి తాజంగి జలాశయానికి వెళ్తున్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషించాను. పక్కనే ఉన్న లంబసింగికి జనం మంచు కోసం డిసెంబరులో ఎగబడతారు. పిట్టలకైతే నువ్వు వెళ్తున్న రోజులే మంచివి, వలస వచ్చేవి అప్పుడప్పుడే దిగుతుంటాయి.

ఒక్క మాట మాత్రం తప్పక విను. గట్టు మీద నిలబడి నడినీళ్లలోకి చూస్తూ పొద్దు పుచ్చవద్దు. వానలకు జలాశయం నిండి ఉంటుంది. లోతు నీళ్లలో నీటికాకులు, మునుగుడు కోళ్లు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. వాగు వచ్చి కలిసే చోటికి నడువు. పలచటి నీళ్లు, ఒండ్రు, రాళ్లు అక్కడుంటాయి. పురుగులున్న చోటే పిట్టలూను.

తెల్లవారకముందే చేరి, ఎండ వీపున పడేలా కూర్చో. పొగమంచు విడేదాకా చెవులకే పని. తర్వాత రాళ్ల వెంట చూడు. గోధుమ రంగు ఉల్లంకి పిట్ట ఒకటి నడుస్తూనే తోక వైపు పైకీ కిందికీ ఆడిస్తుంటుంది. రెక్క ముందు నుంచి భుజం మీదికి తెల్లటి పాయ ఎక్కి ఉంటే అది కామన్ శాండ్‌పైపర్. లేచిందంటే రెక్కలు బిగబట్టి, నీళ్లను ఒరుసుకుంటున్నట్టు పోతుంది.

బాతుల విషయంలో తొందరపడకు. దసరా రోజుల్లో మగవి ఈకలు మార్చుకుని ఆడవాటిలాగే ఉంటాయి. గార్గనీ అనే వలస బాతు మగదైతే, ఎగిరినప్పుడు రెక్క ముందు భాగం లేత నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. దానంతట అది ఎగిరేదాకా ఆగు. ఫొటో కోసం రాయి విసిరేవాళ్లను చూశాను, నా కడుపు మండిపోయింది. అవి ఎన్ని వేల కిలోమీటర్లు ఎగిరి, అలసి వచ్చాయో!

బైనాక్యులర్స్ 8 రెట్లు చూపేవి చాలు. 10 రెట్లవి చేతిలో వణుకుతాయి.

మోకాళ్లు సహకరించక ఈసారి నేను రాలేకపోతున్నాను. బూడిద రంగు వీపు, తోక కింద పసుపు ఉన్న జిట్టంగి పిట్ట కోసం వాగు రాళ్ల మీద వెతుకు. 20 గ్రాములైనా తూగుతుందో లేదో, హిమాలయాల్లో పిల్లలను పెంచి ఇక్కడికి దిగుతుంది. కనిపించిన వెంటనే తేదీ, వేళ రాసుకుని నాకు ఫోను చెయ్యి. నా నోటు పుస్తకంలో ఈ ఏటి గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మామయ్య