సీజన్‌కు ముందు యాట్ (విహార పడవల) క్లబ్‌లో దేనికి ఎక్కువ సమయం పెట్టాలి?
పడవలను నీటి అడుగు నేలకు కట్టి ఉంచే మూరింగ్ గొలుసులకే. క్లబ్‌హౌస్ పెయింటు ఓ నెల ఆగినా నష్టం లేదు. గొలుసు తెగితే దానికి కట్టిన పడవ కొట్టుకుపోయి పక్కవాటినీ గుద్దుతుంది.

గొలుసు అంతా ఒకేలా అరగదు. అలలకు లేస్తూ పడుతూ నేలను రాసుకునే భాగమే ముందు పలచబడుతుంది. డైవర్‌ని దింపి, లింకులు ఒకదానికొకటి ఆనే చోట వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించండి. 12 మిల్లీమీటర్ల లింకు 9కి వస్తే నేనైతే మార్చేయమంటాను. గొలుసు ముక్కలను కలిపే U ఆకారపు షాకిల్ పిన్ ఊడకుండా చుట్టే తీగ గాల్వనైజ్డ్‌దే (జింకు పూత ఉన్నదే) కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ చుడితే ఉప్పునీటిలో షాకిల్ మీది జింకు పూత త్వరగా పోయి తుప్పు మొదలవుతుంది.

జెట్టీ కరెంటు పాయింట్లలో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీడీ టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. సభ్యులకు బెర్తు (పడవ నిలిపే చోటు) ఇచ్చేటప్పుడు పడవ పొడవుతో పాటు నీటిలో మునిగే లోతూ అడగండి, లేకుంటే ఆటు సమయంలో పడవ అడుగున ఉండే కీల్ నేలకు తగులుతుంది.