మనసుకు పని పెట్టి విను

చిరంజీవి రమణకు,

పెద్దనాయన దీవెనలు. అనంతపురంలో సెమినార్లకు పోతే పావుగంట దాటకముందే మనసు ఎక్కడికో పోతోందని, రెండు గంటలు కూర్చున్నా రెండు మాటలు కూడా మిగలడం లేదని రాసినావు. శ్రద్ధ లేనివాడినని నీకు నువ్వే తీర్పు చెప్పుకోవద్దు. నోటి వేగం వేరు, బుర్ర వేగం వేరు. ఫోన్‌లో ఒక ప్రసంగాన్ని ఒకటిన్నర వేగంతో పెట్టి చూడు, అయినా అర్థమవుతుంది. అంటే వక్త మామూలుగా మాట్లాడేటప్పుడు నీ బుర్రకు బోలెడు తీరిక ఉంటుంది. ఇంటి సంగతులు, పరీక్షల దిగులు, క్రికెట్ స్కోరు దూరేది ఆ తీరికలోకే. మనసును బిగబట్టి కూర్చోబెట్టాలని చూస్తే అలసిపోతావు. ఆ తీరికలో దానికి పని పెట్టు.

వక్త ఒక విషయం ముగించి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ, "ఇప్పుడు చెప్పిందేంది? దానికి ఆధారమేం చూపినాడు?" అని లోపల అడిగి, నీ మాటల్లో ఒక్క వాక్యం చెప్పుకో. చెప్పలేకపోతే నువ్వు విన్నది శబ్దమే. "ఇక రెండో సంగతికొస్తే", "అయితే ఇక్కడ ఒక చిక్కుంది" వంటి మాటలు మలుపు గుర్తులు. అవి చెవిన పడగానే వెన్ను నిటారుగా పెట్టు.

నోట్సు రాయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. పేజీకి ఎడమవైపు మూడో వంతు వదిలి నిలువుగా గీత గీయి. కుడివైపు, విషయం పూర్తయ్యాకే, ఐదారు మాటల్లో రాయి. వాక్యం వాక్యం దించుకుంటే చేయి పనిచేస్తుంది, బుర్ర పడుకుంటుంది. అర్థం కాని చోట ఎడమవైపు ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పో. పోయిన వాక్యం కోసం వెతికితే వచ్చే ఐదు వాక్యాలూ పోతాయి. వక్త మాటతో నీకు పేచీ వచ్చినా అంతే: ఒక్క మాట రాసిపెట్టుకో, వాదన తరువాత. మనసు తప్పిపోయిందని తెలిసిన ప్రతిసారీ పేజీ అడుగున ఒక చుక్క పెట్టి, పక్కన టైము వెయ్యి. నాలుగు సభల తరువాత చుక్కలు ఎక్కడ గుంపు కడుతున్నాయో చూడు. మధ్యాహ్నం రెండింటికా, సాయంత్రమా, మొదలైన ముప్పావుగంటకా? మందు దాన్ని బట్టే.

మనసు తప్పిపోవడం ఎవరికైనా మామూలే. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు మధ్యలో ఎన్ని అడ్డు ప్రశ్నలేసినా, అవధాని జవాబిచ్చి ఆగిన పద్యపాదం దగ్గరికే వస్తాడు కదా. నువ్వూ నిన్ను తిట్టుకోకుండా, చివరగా విన్న మాట రాసి, వక్త నోట వచ్చే తరువాతి మాటను పట్టుకో. తిట్టుకుంటూ కూర్చోవడం కూడా తప్పిపోవడమే.

ఇక ఒళ్లు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మబ్బుగా ఉండటం శరీర స్వభావం, కడుపునిండా తింటే అది ఇంకా ఎక్కువవుతుంది. ఆ పూట రెండు ముద్దల సంగటి తినేవాడివి ఒక్కటి తిను, మజ్జిగ తాగు. టీ తాగేటట్టయితే సభ మొదలయ్యే అరగంట ముందే తాగు, పని చేయడానికి దానికి అంత టైము పడుతుంది. సాయంత్రం ఐదు దాటాక వద్దు, రాత్రి నిద్ర చెడితే మరుసటి రోజు సభ కూడా చెడుతుంది. కునుకు ముంచుకొస్తే మొహమాటపడకుండా లేచి హాలు వెనక ఐదు నిమిషాలు నిలబడు. లేకపోతే పాదాలు నేలకు గట్టిగా అదిమి పది లెక్కపెట్టి వదులు, రెండు గుక్కల నీళ్లు తాగు.

చోటు చూసుకుని కూర్చో. రెండో వరుసో మూడో వరుసో, నడుమన, ఫ్యాను కింద. రేకుల కప్పున్న హాళ్లలో దూరంగా వెనక కూర్చుంటే మాట మారుమోగి రెండుసార్లు వినపడినట్టుంటుంది. మాటను పోల్చుకోవడానికే సత్తువంతా ఖర్చయితే అర్థం చేసుకోవడానికి ఏమీ మిగలదు. ఫోను ఆపి సంచిలో పెట్టు, ఒళ్లో వద్దు.

మన సభల్లో జ్యోతి వెలిగించడం, శాలువాలు, అతిథుల పరిచయాలతోనే అరగంట పోతుంది. అక్కడ నీ శ్రద్ధ ఖర్చు పెట్టొద్దు. ఆ టైములో ఉపన్యాసం శీర్షిక చూసి, నీకు తెలుసుకోవాలనున్న మూడు ప్రశ్నలు మొదటి పేజీలో రాసుకో. కాగితం చూసి ఒకే గొంతుతో చదివే వక్త వస్తే ఈ మూడు ప్రశ్నలే నిన్ను నిలబెడతాయి.

సాధన ఇంట్లోనే చెయ్యి. రేడియోలో పది నిమిషాల ప్రసంగం విని, కట్టేసి, మూడు వాక్యాలు పైకి చెప్పు. వారానికి ఐదు నిమిషాలు పెంచు. ఒకేసారి గంటకు దూకితే విసుగొచ్చి మానేస్తావు. సభ నుంచి వచ్చిన రోజు రాత్రే విన్నదాన్ని ఎవరికైనా మూడు నిమిషాల్లో చెప్పు, మరచిపోవడం మొదటి రోజే ఎక్కువ. ఇంత చేసినా ఇష్టమైన విషయం కూడా నిలవకపోతే, లేదా పక్కవాళ్లకు వినపడింది నీకు వినపడకపోతే, డాక్టరుకు ఒకసారి చూపించుకో.

ఎడమవైపు పెట్టిన ప్రశ్న గుర్తుల్లో ఒకటి సభ చివర లేచి అడుగు. అడగాలనుకుని కూర్చున్నవాడి చెవి చివరిదాకా మేలుకునే ఉంటుంది.

మీ పెద్దనాయన
కడప