కొల్లేటి ఒడ్డున స్థిరపడాలంటే

ప్రశ్న: పదవీ విరమణ తరువాత హైదరాబాదు రద్దీని విడిచి, కొల్లేటి దగ్గర కైకలూరు పరిసరాల్లో స్థలం కొని ప్రశాంతంగా ఉండాలనుకుంటున్నాము. మీ సలహా ఏమిటి?

జవాబు: కొనే ముందు ఒక వర్షాకాలమంతా అక్కడ అద్దెకు ఉండి చూడండి. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవలసి ఉన్నందున, పెద్ద వానలకు పల్లపు ఊళ్లు ముంపునకు గురవుతాయి. సరస్సును ఐదవ కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు కనుక, మీరు చూసిన స్థలం ఆ హద్దు లోపల ఉన్నదేమో సర్వే నంబరుతో అటవీశాఖ వద్ద విచారించిన తరువాతే బయానా ఇవ్వండి. ధర మరీ తక్కువైతే మరింత అనుమానించండి. కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలోని గూడబాతులు (పెలికాన్లు) మీకు తప్పక నచ్చుతాయి గాని, చేపల లారీలు తిరిగే కైకలూరు మీరు ఊహించినంత నిశ్శబ్దమైన ఊరు కాదు.