సురబాయ నుంచి వచ్చిన ‘ఇంకా లేదు’

అనంతపురం

పాపా,

నువ్వు బెంగళూరులో ఉద్యోగం మానేసి మన చెనక్కాయలను పై దేశాలకు పంపే పని మొదలుపెడుతున్నావని నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మొదట గల్ఫ్, తర్వాత జర్మనీ అన్నాడు. ఇండోనేషియా పార్టీ ఒకటి దాదాపు ఒప్పుకున్నట్టే అన్నాడు. “దాదాపు అంటే? వాళ్లు ఏమన్నారు?” అని అడిగాను. “ఇంకా మాట్లాడుకుంటున్నాం, తర్వాత చెబుతాం అన్నారంట” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటోంది మీ పెద్దమ్మ. ఫోన్‌లో అయితే నువ్వు “సరే పెద్దనాయనా” అంటావు, ఆ సరే దేనికో నాకు తెలియదు.

ముందు నా సంతోషం రాస్తాను. మన ఇంట్లో చెనక్కాయలు పండించినవాళ్లు ఉన్నారు, గింజ కొట్టించి సంచుల్లో అమ్మినవాళ్లు ఉన్నారు. సీసాలో పెట్టి, మన పేరు రాసి అమ్ముతానన్నది నువ్వే. నీ లేబుల్ ఫోటో మీ నాయన పంపాడు. కళ్లజోడు తీసి, పెట్టి, చాలాసార్లు చూశాను. గర్వంగా ఉంది. అందులో తప్పులు కూడా ఉన్నాయి. అవీ చెబుతాను.

ఎగుమతికి కావాల్సిన ఐఈసీ కోడ్ తీసుకోవడం, పంట సరుకుల ఎగుమతులు చూసే అపెడాలో నమోదు, సరుకుకు ఇన్సూరెన్స్, కొన్నవాడు డబ్బు కట్టకపోతే ఆదుకునే ఈసీజీసీ పాలసీ, ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. ఏదీ వదలొద్దు.

నేను మొదట పరభాషలో వ్యాపారం నేర్చుకున్నది కర్ణాటకలోని చెళ్లకెరెలో. ఇక్కడి నుంచి కొద్ది గంటల దారి. అక్కడ నూనె మిల్లులు ఎక్కువ. మనం చెనక్కాయ అంటాం, కర్నూలువాళ్లు బుడ్డలు అంటారు, హైదరాబాద్‌లో పల్లీలు, పుస్తకాల్లో వేరుశనగ. కన్నడంలోనూ అంతే. మైసూరువైపు కడ్లేకాయి, ఉత్తరాన శేంగా. ఎదుటివాడు ఏ పేరుతో అడుగుతున్నాడో వింటే అతను ఏ ఊరివాడో, గింజ నూనెకు కావాలా తినడానికా అన్నది కూడా సగం తెలిసిపోయేది. ఈజిప్టులో దీన్ని సూడాన్ చిక్కుడు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. జర్మన్‌లో ఎర్ట్‌నుస్, అంటే నేల గింజ. ఇండోనేషియాలో కచాంగ్ తానా, అదీ నేల గింజే. మనం ‘వేరు’ అన్నాం. ఈజిప్టు సంగతి అలా ఉంచితే, ఇంత దూరదూరాన ఉన్న మనమందరం ఈ కాయ మట్టిలో కాస్తుందనే ముందు చూశాం. నీ లేబుల్ మీద ఇంగ్లీషులో రాసిన ఆ ‘స్వచ్ఛత, సంప్రదాయం’ ఏ సీసా మీదైనా ఉండేవే. దాని బదులు మన ఎర్రనేల గురించి రెండు ముక్కలు రాయి. జర్మనీలో, జావాలో ఆ గింజ పేరులోనే నేల ఉంది కాబట్టి అది వాళ్లకు ఎక్కుతుంది.

ఊరిమిండి పేరు తీసేసి ‘స్పైసీ పీనట్ డిప్’ అని పెట్టావు. అది చూసి నాకు కష్టంగా అనిపించింది. మీ జేజి సంగటిలోకి రోట్లో నూరి పెట్టినదాన్ని నువ్వు ఏ పేరుతో తిని పెరిగావు? నా బాధ అలా ఉంచు, వ్యాపారంగానే చూడు. కువైట్‌లో నీ సీసా మొదట కొనేది ఎవరు? రాయచోటి నుంచి, కడప నుంచి పోయి అక్కడ పని చేసుకుంటున్న మనవాళ్లు. తెలుగు అక్షరాల్లో ‘ఊరిమిండి’ అని కనపడితే వాళ్ల చెయ్యి దానంతటదే సీసా మీదకు పోతుంది. ఆ పేరు పెద్దగా ఉంచు. తెలియనివాళ్ల కోసం అది ఏమిటో, దేనితో తింటారో కింద చిన్నగా రాయి.

గల్ఫ్‌కు పోయే ప్యాకెట్ మీద అరబిక్ ఉండాలి. ఫోన్‌లో తర్జుమా చేసుకున్నావని విన్నాను. వద్దు తల్లీ. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ల చేత, వీలైతే వంట తెలిసినవాళ్ల చేత రాయించు. దాన్ని ఇంకొకరికి ఇచ్చి, ఇంగ్లీషు చూపించకుండా ఇందులో ఏముందో చెప్పమను. వాళ్లు చెప్పేది నువ్వు అనుకున్నదే అయితే అప్పుడు అచ్చు వేయి. నీ లేబుల్ మీద ఎడమ నుంచి మూడు బొమ్మలు ఉన్నాయి: పచ్చి కాయ, పెనం, సీసా. అరబిక్ కుడి నుంచి చదువుతారు. వాళ్ల కంటికి సీసాలోని ఊరిమిండి పెనంలోకి పోయి, పచ్చి కాయగా మారుతుంది. అరబిక్ లేబుల్‌కు బొమ్మల వరుస తిప్పించు. తేదీల్లో నెలను అంకెలో రాయకు, పేరు రాయి. 05/06 ఒకరికి జూన్, ఇంకొకరికి మే. ధరల్లో లక్షలు వద్దు. సెలవులు కనుక్కో: యూఏఈలో 2022 నుంచి శని, ఆదివారాలు సెలవు, సౌదీలో శుక్ర, శనివారాలు.

జర్మనీవాళ్లు తీపి మాటల కంటే ముందు టెస్ట్ రిపోర్ట్ అడుగుతారు. నేరుగా తినే చెనక్కాయల్లో అఫ్లాటాక్సిన్, అంటే ఒక రకం బూజు వల్ల పుట్టే విషం, మొత్తం కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదన్నది యూరప్ నిబంధన. కాయ ఊరే వేళ వాన మొహం చాటేసినా, కొట్టంలో తేమ తగిలినా ఆ బూజు వస్తుంది. మన జిల్లాలో వాన సంగతి నీకు నేను చెప్పాలా? ప్రతి లాటూ టెస్ట్ చేయించు. ‘మీ ఫలానా సంచిలో బద్దలు ఎక్కువ ఉన్నాయి’ అని వాళ్లు మొహమాటం లేకుండా రాస్తే కోపమనుకోకు, మారు మాట్లాడకుండా సరిచేసి పంపు. ఇంకొకటి, ఇది నిజంగా భయపడాల్సినది. ఆ దేశాల్లో చెనక్కాయ పడనివాళ్లు ఉన్నారు. ఒక్క గింజతో ప్రాణం మీదకు రావచ్చు. పొలంలో పచ్చి కాయలు జేబుల నిండా వేసుకుని తిరిగినవాళ్లం, మనకు అది నమ్మశక్యం కాదు. నమ్ము. దినుసుల జాబితాలో చెనక్కాయ పేరు వాళ్ల భాషలో, మిగతా అక్షరాల్లో కలిసిపోకుండా కొట్టొచ్చినట్టు ఉండాలి. అదే మిషన్‌లో నువ్వుల ఉండలు చేస్తే వాటి ప్యాకెట్ మీద కూడా హెచ్చరిక రాయి.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి.

1997. గుత్తి రోడ్డులో మన మిల్లు బాగా నడుస్తున్న రోజులు. ఇండోనేషియాలోని సురబాయ పార్టీకి నేను అప్పటికి రెండేళ్లుగా సరుకు పంపుతున్నాను. జావా రకం, 60/70 కౌంట్, అంటే ఔన్సుకు 60 నుంచి 70 గింజలు. సురబాయ ఉండేది జావా దీవిలోనే. ఎప్పుడో ఆ పేరుతో మన దగ్గర స్థిరపడ్డ గింజను తిరిగి ఆ దీవికే పంపుతున్నానని నాకు ఎంతో సంతోషంగా ఉండేది. రంజాన్ పండుగను అక్కడ లెబరాన్ అంటారు. ఇంటికి వచ్చినవాళ్ల ముందు వేయించిన చెనక్కాయలు పెడతారు. ఆ సీజన్‌లో పండుగ 1998 జనవరి చివర్లో వచ్చింది. పండుగకు అందాలంటే సరుకు నవంబర్‌లో ఓడ ఎక్కాలి.

రెండు కంటెయినర్లు అని ఫోన్‌లో మాట అనుకున్నాం. అక్టోబర్‌లో ‘ఎల్సీ ఓపెన్ చేశారా?’ అని ఫ్యాక్స్ పంపాను. ఎల్సీ అంటే, సరుకు కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు కడతామని కొనేవాడి బ్యాంకు రాసి ఇచ్చే హామీ. ‘నాట్ యెట్’ అని జవాబు. దాంతో పాటు మీ ఊళ్లో వాన పడిందా, పిల్లలు బాగున్నారా అని రెండు వరుసలు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అడిగాను. నాట్ యెట్. ఎస్టీడీ బూత్‌కు పోయి ఫోన్ చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు, నవ్వాడు, నాట్ యెట్ అన్నాడు. ‘చేస్తారు కదా?’ అన్నాను. ‘యెస్, యెస్’ అన్నాడు. నాకు వినపడింది ఏమిటంటే: ఇవాళ కాకపోతే రేపు. ఎల్సీ లేకుండా సరుకు కదిలించకూడదని నాకు తెలుసు. అయినా ఓడ తప్పిపోతుందన్న టెన్షన్‌లో, ఎల్సీ వచ్చేసరికి సరుకు రేవు దగ్గరే ఉంటే మంచిదని, 50 కిలోల సంచులు 760, లారీల్లో మద్రాసు గోడౌన్‌కు పంపేశాను. అందులో సగం రైతుల దగ్గర అరువు తెచ్చిన సరుకు.

నవంబర్‌లో మద్రాసు ఎలా ఉంటుందో తెలుసు కదా. అది ఈశాన్య రుతుపవనాల కాలం. గోనె తేమ పీల్చింది. వారం వారం అద్దె ఎక్కింది. నాట్ యెట్, నాట్ యెట్. డిసెంబర్ మధ్యలో ఒక సంచి విప్పితే వాసన వచ్చింది.

ఆ నెలల్లో అతని దేశంలో ఏం జరుగుతోందో నేను పట్టించుకోలేదు. జూలైలో డాలర్‌కు 2,400 దగ్గర ఉన్న వాళ్ల రూపియా జనవరికి 10,000 దాటి పడిపోయింది. నవంబర్ 1న అక్కడ ఒకేసారి 16 బ్యాంకులు మూసేశారు. నా గింజ ధర డాలర్లలో మారలేదు, అతనికి మాత్రం నాలుగింతలైంది. అతను మోసగాడు కాదు. వద్దు అని రోజూ చెబుతూనే ఉన్నాడు, నేను వినలేదు.

ఆ సంగతి నాకు చెప్పింది రేవు దగ్గర క్లియరింగ్ ఆఫీసులో పనిచేసే తమిళాయన. కొన్నేళ్లు సుమత్రాలో ఉండి వచ్చాడు. నా ఫ్యాక్సులు చూసి, “వాళ్ల భాషలో బెలుమ్ అని ఒక మాట ఉంది సార్. ఇంకా లేదు అని అర్థం. లేదు అని మొహం మీద చెప్పడం బాగుండదని ఇంకా లేదు అంటారు. పెళ్లి ఆలోచనే లేని ముసలాయన్ని అడిగినా ఇంకా కాలేదనే అంటాడు” అన్నాడు. ఆ రాత్రి మద్రాసు లాడ్జిలో కూర్చుంటే మీ జేజి గుర్తుకొచ్చింది. మీ అత్తకు సంబంధాలు చూస్తున్న రోజుల్లో ధర్మవరం నుంచి ఒకరు వచ్చి, కాఫీ తాగి, “ఇంటికి పోయి మాట్లాడుకుని కబురు చేస్తాం” అని వెళ్లారు. నేను, మీ నాయన ఎదురుచూద్దామన్నాం. మీ జేజి “ఇంకో సంబంధం చూడండి” అంది. ఎలా తెలిసిందంటే, “గడప దిగేటప్పుడు ఆ తల్లి జాతకం అడగలేదు” అంది. ఆ ఇంట్లో పుట్టినవాడిని నేను. తెలుగులో అయితే నాకూ తెలిసేది. ఇంగ్లీషులో వచ్చేసరికి పదానికి ఉన్న అర్థం ఒక్కటే పట్టుకున్నాను. అతనికీ ఇంగ్లీషు సొంతం కాదు, నాకూ కాదు. అతను తన భాషలో అనుకుని ఇంగ్లీషులో పలికాడు. నేను ఇంగ్లీషులో విని నా ఆశలో అర్థం చేసుకున్నాను.

సరుకు నూనె మిల్లుకు వచ్చిన ధరకు పోయింది. రైతుల బాకీ మిగిలింది. మీ నాయన బోరు వేయించడానికి దాచుకున్న డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట అడగలేదు. ఆ చేను ఆరేళ్లు వాన మీదే ఆధారపడింది. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ నాయన చెప్పే మనిషి కాదు. అందుకే వాడి దగ్గర పెట్టుబడికి అడగడానికి వెనకాడుతున్నావని తెలిసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. నా దగ్గర అడుగు. ఆ బోరు నేను బాకీ.

ఇంకో తప్పు కూడా చేశాను. తమిళాయన చెప్పకముందే, కోపంలో సురబాయకు ఒక ఫ్యాక్స్ పంపాను. చీట్ అనే మాట రాశాను. దానికి జవాబు రాలేదు, ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. తన కష్టం మధ్యలో కూడా మన ఊరి వాన గురించి అడిగిన మనిషి. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కాబట్టి పాపా, ‘చేస్తారా?’ అని అడగకు. యెస్ అని సరిపెట్టగలిగే ప్రశ్నే అడగొద్దు. ఏ బ్యాంకులో, ఏ తేదీన, పోయిన నెల ఎన్ని సంచులు అమ్మారు, ఎవరు సంతకం పెడతారు, ఇలా అడుగు. నిజంగా కొనేవాడు వాటికి జవాబు చెబుతాడు, తిరిగి నిన్ను కూడా అడుగుతాడు: ప్యాకింగ్ ఏమిటి, ఏ ఓడ, శాంపిల్ ఎప్పుడు అని. అదే జాతకం అడగడం. వాన గురించి, పిల్లల గురించి మాత్రమే అడుగుతుంటే ఆగి ఆలోచించు. కాదనడానికి వాళ్లకు దారి కూడా నువ్వే ఇవ్వాలి. ‘ఈ సీజన్ కుదరకపోతే ఏమీ అనుకోను, వచ్చే పంటకు చూద్దాం’ అని ముందుగా నువ్వే రాయి. అప్పుడు నిజం బయటికి వస్తుంది, స్నేహం కూడా మిగులుతుంది. అలాగే నీ మాట కూడా చూసుకో. మనం ‘అయిపోతుంది సార్’ అంటాం, అవతలివాడి మనసు నొప్పించకుండా. జర్మనీవాడు దాన్ని తేదీగా రాసుకుంటాడు. అయ్యే రోజు చెప్పు, కాదంటే కాదని చెప్పు.

ఎల్సీ నీ బ్యాంకుకు చేరి, బ్యాంకువాళ్లు కాగితం చూపించి, నువ్వు ప్రతి వరుసా చదివేదాకా ఒక్క సంచి గోడౌన్ దాటకూడదు. ఓడ తప్పిపోతే పోనీ. ఇంకో ఓడ వస్తుంది.

ఆ ఫ్యాక్స్ కాగితాలు నీకు చూపిద్దామని పొద్దున బీరువాలో వెతికాను. ఉన్నాయి, కానీ పూర్తిగా తెల్లబడిపోయాయి, ఒక్క అక్షరం కనపడదు. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది. ఆదివారం ఇంటికి రా. మీ పెద్దమ్మ ఊరిమిండి నూరి పెడుతుంది, సీసాలో ఎంత ఉప్పు వేయాలో ఆమెనే అడుగు. వచ్చేటప్పుడు ఆ ఇండోనేషియావాళ్లు రాసిన మెయిళ్లన్నీ, ఒక్కటీ వదలకుండా, మొదటి నుంచి ప్రింటు తీసి తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ పెద్దనాయన